కార్డు పట్టింది, కెమెరా పలకలేదు



సంక్రాంతి సెలవుల్లో మా ఎదురింటి అమ్మాయి ఒక కెమెరా పట్టుకుని మా గడప ఎక్కింది. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతోంది. కెమెరా వాళ్ల తాతగారిది. ఆయన బడిపంతులు, మా వీధి మొత్తానికీ మాస్టారే. 2004లో ఆయన రిటైరైనప్పుడు కొడుకు కొనిపెట్టాడు. 4 మెగాపిక్సెళ్లు, రెండు పెన్సిల్ సెల్స్, వెనక అగ్గిపెట్టె కంటే చిన్న తెర. మాస్టారు పోయాక అది బీరువాలో పట్టుచీరల కిందకి చేరింది. ఇప్పుడు కుర్రకారుకి మళ్లీ ఆ కాలం కెమెరాల మీద మోజు పుట్టింది. సెల్‌ఫోన్ ఫోటో మరీ నున్నగా ఉంటుందిట, పాత కెమెరాలో ఫ్లాష్ వేసి తీస్తే ఆ వెలుగే వేరుట. సరే, మోజుకి కారణాలు అడగకూడదు.

"తాతగారూ, కెమెరా ఆన్ అవుతోంది. కార్డు పెడితే ఎర్రర్ అంటోంది. పాడైపోయిందంటారా?"

కార్డు తీసి చూశాను. మెరిసిపోతోంది, 32 జీబీ. హైదరాబాద్‌లోనే ఏదో షాపులో కొందిట. ఎస్‌డీ కార్డు ఏ ఎస్‌డీ కెమెరాకైనా పడుతుందని షాపతను చెప్పాడట. అతను అబద్ధమేమీ ఆడలేదు. పడుతుంది. టిక్కుమని చప్పుడు చేసి మరీ కూర్చుంటుంది. పట్టడం వేరు, పలకడం వేరు, అంతే.

నేను తెనాలిలో 30 ఏళ్లపైన ఫోటో స్టూడియో నడిపాను. రీళ్ల కాలంలో ఈ బాధ లేదు. 35 మిల్లీమీటర్ల రీలుని ఇప్పుడు మనమెరిగిన డబ్బాలో చుట్టి కొడాక్ వాళ్లు అమ్మడం మొదలుపెట్టింది 1934లో. ఇవాళ తయారైన రీలు తీసుకెళ్లి ఆనాటి వాళ్ల రెటీనా కెమెరాలో పెట్టండి, శుభ్రంగా తిరుగుతుంది. ఎందుకంటే రీలుకి బుర్ర లేదు. అంచుల్లో చిల్లులున్న పట్టీ అది. పళ్లచక్రం లాగితే కదులుతుంది, వెలుగు తగిలితే మారుతుంది. కెమెరాతో దానికి మాటల్లేవు. కార్డు సంగతి అలా కాదు. కెమెరా అడగాలి, కార్డు జవాబు చెప్పాలి. ఇద్దరికీ ఒకే లెక్క తెలిస్తేనే సంసారం సాగుతుంది.

అసలు మొదట్లో ఒక్కో కంపెనీది ఒక్కో కార్డు. 1994లో శాన్‌డిస్క్ వాళ్ల కాంపాక్ట్ ఫ్లాష్ వచ్చింది. బరువైన పెళ్లి కెమెరాలు వాడిన మావాళ్లకి అది బాగా ఎరుకే, మేం సీఎఫ్ కార్డు అనేవాళ్లం. దానికి 50 చిల్లులు, కెమెరాలో 50 సూదులు. పెళ్లిలో తాళి కట్టే వేళకి కార్డు నిండి, కంగారులో కొత్తది వంకరగా తోస్తే కార్డుకేమీ కాదు, కెమెరాలో సూది వంగుతుంది. నాకొకసారి వంగింది. ఆ ముహూర్తాన్ని మా తమ్ముడి రెండో కెమెరా కాపాడింది.

ఆ తర్వాత ఏడాది తోషిబా స్మార్ట్‌మీడియా తెచ్చింది. మిల్లీమీటరు మందం కూడా లేదు, అప్పడం లాగా ఉండేది. అంత పల్చగా రావడానికి అందులో కంట్రోలర్ పెట్టలేదు. ఒట్టి పలక అన్నమాట. ఎక్కడ ఏం రాయాలి, ఎక్కడ చెరపాలి అన్న లెక్కంతా కెమెరా నెత్తినే. దాంతో ఏమైందంటే, 8 ఎంబీ కార్డుల రోజుల్లో పుట్టిన కెమెరాకి 64 ఎంబీ కార్డిస్తే తెల్లమొహం వేసేది. అంత పెద్ద పలక ఉంటుందని దానికి ఎవరూ చెప్పలేదు కదా. ఆ జాతి 128 ఎంబీ దగ్గరే ఆగిపోయింది. 2002లో ఒలింపస్, ఫ్యూజీ కలిసి తెచ్చిన ఎక్స్‌డీ కార్డుదీ అదే బాపతు, అందులోనూ కంట్రోలర్ లేదు. అది 2 జీబీ దగ్గర కాళ్లు చాపింది.

సోనీ వాళ్ల మెమరీ స్టిక్ 1998లో వచ్చింది, చూయింగ్ గమ్ బిళ్లలా పొడుగ్గా. దాని మొదటి రకం 128 ఎంబీ మించి పోలేకపోయింది. జనం ఇంకా కావాలంటే వాళ్లు చేసిన పని విని నేను నవ్వుకున్నాను. ఒకే స్టిక్‌లో రెండు 128లు పెట్టి, వీపు మీద ఒక చిన్న మీట బిగించారు. ఒకటి నిండితే స్టిక్ బయటికి తీసి, మీట జరిపి, మళ్లీ పెట్టుకోవాలి. మన క్యాసెట్‌కి ఏ సైడు, బీ సైడు ఉన్నట్టు! క్యాసెట్ తిప్పిన చేతులున్న శ్రోతలకి దీని గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఇన్ని జాతుల్లో చివరికి ఊరంతా ఏలింది ఎస్‌డీ కార్డు. 1999లో మత్సుషితా, అంటే మన పానసోనిక్ వాళ్లు, తోషిబా, శాన్‌డిస్క్ కలిసి ప్రకటించారు. మీ దగ్గర కార్డుంటే ఓసారి దాని మీది గుర్తు చూడండి. అందులో డీ అన్న ఇంగ్లీషు అక్షరం గుండ్రటి సీడీ పళ్లెంలా ఉంటుంది. ఈ కార్డులో పళ్లెం ఎక్కడుంది? ఎక్కడా లేదు. డీవీడీ పుట్టకముందు తోషిబా వర్గం తేబోయిన మరో పళ్లేనికి గీయించిన బొమ్మ అది. ఆ పళ్లెం రాలేదు, బొమ్మ మిగిలింది, వృథా పోనీయడమెందుకని ఈ బిడ్డకి తొడిగారు. అన్న చొక్కా తమ్ముడికి వేసినట్టే.

ఇప్పుడు మాస్టారి కెమెరా దగ్గరికి వద్దాం. దాని జబ్బంతా అంకెల్లో ఉంది.

ఎస్‌డీ కార్డు అంటే ఒక పెద్ద ఊరు అనుకోండి. అందులో ప్రతి అక్షరానికీ, ప్రతి చుక్కకీ ఒక ఇల్లు. బైట్ అంటారు దాన్ని. మొదటి రకం ఎస్‌డీలో ప్రతి ఇంటికీ ఒక డోర్ నంబరు ఇచ్చారు. కెమెరా "ఫలానా నంబరు ఇంట్లో ఇది పెట్టు" అంటుంది, కార్డు పెడుతుంది. ఆ నంబరు రాయడానికి ఆజ్ఞలో 32 గళ్లు ఉంటాయి, ఒక్కో గడిలో సున్నా గానీ ఒకటి గానీ. 32 గళ్లతో ఎన్ని నంబర్లు రాయొచ్చంటే 429 కోట్ల పైచిలుకు. అదే 4 జీబీ. అంతకుమించి ఊరు పెరిగితే చివరి వీధుల వాళ్లకి డోర్ నంబరే ఉండదు. పైగా అప్పటి కార్డులో రికార్డు పెట్టుకునే పద్ధతి, ఫ్యాట్ 16 అనేది, మామూలుగా 2 జీబీకే సరిపోతుంది. కాబట్టి మొదటి రకం ఎస్‌డీకి నిబంధనల్లోనే 2 జీబీ అని గీత గీశారు.

ఎవరికి బాధ? 2004లో మాస్టారి కెమెరాతో పాటు పెట్టెలో వచ్చిన కార్డు 16 ఎంబీ. అందులో పెద్ద సైజు ఫోటోలు 8 పట్టేవి. 36 ఫోటోల రీలు వాడిన మనిషికి 8 ఫోటోల కార్డిచ్చి, ఇదే అభివృద్ధి అన్నారు. మాస్టారు నాతో అన్నమాట ఇప్పటికీ గుర్తుంది, "ఇదేంట్రా, అక్షింతలు వేసేలోపే అయిపోయింది" అని. అలాంటి రోజుల్లో 2 జీబీ అంటే సముద్రం. ఆ గీత ఎవరికైనా అడ్డొస్తుందని ఎవరు అనుకుంటారు?

రెండేళ్లలో అడ్డొచ్చింది. 2006లో ఎస్‌డీహెచ్‌సీ అని రెండో రకం తెచ్చారు, 4 జీబీ నుంచి 32 జీబీ దాకా. పొడుగు, వెడల్పు, మందం, వెనక బంగారు రంగు పట్టీలు, అన్నీ పాతవే. మారింది డోర్ నంబర్ల పద్ధతి. ఇంటికొక నంబరు తీసేసి, 512 ఇళ్లున్న అపార్ట్‌మెంటు మొత్తానికి ఒక నంబరు పెట్టారు. 32 గళ్లు అలాగే ఉన్నాయి, ఊరు మాత్రం 512 రెట్లు పెరగొచ్చు. తెలివైన పనే. కానీ పాత పోస్ట్‌మ్యాన్ ఏమవుతాడు? అతని లెక్కలో 1000 అంటే వెయ్యో ఇల్లు. కొత్త ఊళ్లో 1000 అంటే వెయ్యో అపార్ట్‌మెంటు. అతన్ని ఆ ఊళ్లో వదిలితే ఒకరి ఉత్తరం ఇంకొకరికి చేర్చి, ఉన్న సామాన్లు కూడా తలకిందులు చేస్తాడు.

అందుకే ఆ పద్ధతి రాసినవాళ్లు ఒక జాగ్రత్త పెట్టారు. కెమెరా ఆన్ చేయగానే కార్డుతో పలకరింపులు మొదలవుతాయి. కొత్త కెమెరా అయితే "నాకు అపార్ట్‌మెంట్ల లెక్క వచ్చు" అని ముందుగా చెబుతుంది. ఆ మాట వింటేనే కొత్త కార్డు "నేను సిద్ధం" అంటుంది. 2004 నాటి కెమెరాకి ఆ మాట చెప్పాలనే తెలియదు. అది మళ్లీ మళ్లీ "సిద్ధమా?" అని అడుగుతుంది, కార్డు ఇంకా పనిలో ఉన్నట్టే ఉండిపోతుంది. కాసేపటికి కెమెరాకి విసుగొచ్చి తెర మీద ఎర్రర్ అని రాస్తుంది. అదీ జరిగింది. కార్డు బాగానే ఉంది, కెమెరా బాగానే ఉంది. తెలియనివాడి చేతికి తాళాలు ఇవ్వకుండా కార్డు నోరు మూసుకుంది, అంతే.

ఇది చెబితే పిల్ల వెంటనే, "అయితే కంప్యూటర్‌లో ఫార్మాట్ చేసి, 2 జీబీ ముక్క చేసి పెడదాం" అంది. ఇంజనీరింగ్ బుర్ర కదా. ఈ మాట నేను చాలామంది నోట విన్నాను. పనికిరాదు. ఫార్మాట్ అంటే ఊళ్లో గోడలు కట్టుకోవడం, రిజిస్టరు రాసుకోవడం. పోస్ట్‌మ్యాన్‌కీ ఊరికీ మధ్య ఉన్న నంబర్ల పద్ధతి దాంతో మారదు. 32 జీబీ కార్డుని ఎన్ని ముక్కలు చేసినా అది ఎస్‌డీహెచ్‌సీయే. కొన్ని కెమెరాలకి తయారీదారులే తర్వాత సాఫ్ట్‌వేర్ సవరణ ఇచ్చి ఆ కొత్త లెక్క నేర్పారు. మీ కెమెరా మోడల్ నంబరుతో కంపెనీ వారి సైట్‌లో ఒకసారి వెతకడం మంచిది. మాస్టారి కెమెరాకి ఆ భాగ్యం లేదు.

ఫార్మాట్ పనికొచ్చే చోటు వేరే ఉంది. 2009లో ఎస్‌డీఎక్స్‌సీ వచ్చింది. 32 దాటి 2 టీబీ దాకా. దానికి డోర్ నంబర్ల లెక్క ఎస్‌డీహెచ్‌సీదే, రికార్డు పద్ధతి మాత్రం ఎక్స్‌ఫ్యాట్ అని కొత్తది. కాబట్టి 2008లో కొన్న కెమెరా 64 జీబీ కార్డుని కాదంటే, ఆ కార్డుని పాత పద్ధతి అయిన ఫ్యాట్ 32లోకి ఫార్మాట్ చేసి ఇస్తే చాలాసార్లు ఒప్పుకుంటుంది. అందులోనూ ఒక మెలిక. విండోస్‌లో మనకి అలవాటైన ఫార్మాట్ పెట్టె ఏళ్ల తరబడి 32 జీబీ దాటిన కార్డుకి ఫ్యాట్ 32 అన్న మాటే చూపించలేదు. వేరే సాఫ్ట్‌వేర్ తెచ్చుకోవాల్సి వచ్చేది. కార్డు సిద్ధమైనా, కెమెరాలో పెట్టాక కెమెరా మెనూలోంచే ఇంకోసారి ఫార్మాట్ కొట్టండి. తన గోడలు తను కట్టుకుంటే దానికి నమ్మకం.

2 జీబీ దగ్గర కూడా ఒక గుంట ఉంది. నేనే పడ్డాను. ఎస్‌డీ కార్డు తన విస్తీర్ణం ఎంతో సూటిగా చెప్పదు. మూడు అంకెలు చెబుతుంది, వాటిని గుణించుకోవాలి. 1 జీబీ కార్డు చెప్పేది 4096, 512, 512. మూడో అంకె ఎప్పుడూ 512 ఉండేది కాబట్టి, కొందరు తయారీదారులు దాన్ని అడగడమెందుకని 512 అని ఖాయం చేసేశారు. తీరా 2 జీబీ కార్డులో ఆ మూడో అంకె 1024 అయింది. నా దగ్గరున్న అలాంటి కెమెరా వినిపించుకోలేదు. 2 జీబీని 1 జీబీ అని చూపించింది. నేను షాపుకెళ్లి, నకిలీది అంటగట్టావని కొట్టువాడితో తగువాడొచ్చాను. వారం తర్వాత అదే కార్డు వేరే కెమెరాలో పూర్తిగా కనబడింది. మళ్లీ వెళ్లి ఆ కుర్రాడికి టీ ఇప్పించాను. అందుకని, 2005కి ముందు కెమెరా అయితే 1 జీబీ లేదా 512 ఎంబీ క్షేమం. 4 మెగాపిక్సెళ్ల ఫోటో ఇంచుమించు 2 ఎంబీ. 512లోనే 7 రీళ్ల ఫోటోలు పడతాయి.

కార్డు మీద రాసే మిగతా హంగులు, క్లాస్ 10, యూ అక్షరంలో 1, వీ30, ఇవన్నీ వేగం గుర్తులు. పాత కెమెరా తన నడకే నడుస్తుంది, వాటికి ఎక్కువ డబ్బు పోయకండి. చూడాల్సింది ఎస్‌డీ అన్న గుర్తు కింద హెచ్‌సీ అని ఉందా, ఎక్స్‌సీ అని ఉందా, ఏమీ లేదా అన్నదే. ఏమీ లేకపోతే అది పాతకాలపు ఎస్‌డీ, మీకు కావాల్సింది అదే.

అది ఎక్కడ దొరుకుతుందన్నదే ఇప్పుడు ప్రశ్న. మామూలు షాపులో 2 జీబీ అడిగితే వింతగా చూస్తారు. హైదరాబాద్‌లో కోఠీ గుజరాతీ గల్లీలోనో, సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో ఓపిగ్గా తిరిగి అడగొచ్చు. నేను మాత్రం ఆ అమ్మాయిని, "మీ మామ్మ పాత బటన్ల ఫోను ఉందా?" అని అడిగాను. కెమెరాకీ ఫోనుకీ ఏమిటి సంబంధమని వింతగా చూసింది.

సంబంధం ఉంది. పదిహేనేళ్ల కిందట మన ఊళ్లలో ప్రతి సెల్ షాపు ముందూ పాటలు ఎక్కించబడును అని బోర్డుండేది. ఇంత డబ్బు తీసుకుని చిప్పు నిండా పాటలు ఎక్కించేవారు. గోరంత ఆ చిప్పే మైక్రో ఎస్‌డీ. అప్పటి నోకియా 6300 లాంటి ఫోన్లు తీసుకునేవి 2 జీబీ దాకానే, కాబట్టి అప్పటి చిప్పులు చాలావరకు పాత లెక్కవే. ఆ చిప్పుని ఎస్‌డీ సైజు అడాప్టర్‌లో దూర్చితే కెమెరాకి తేడా తెలియదు. అడాప్టర్‌లో బుర్రేమీ ఉండదు, లోపల ఉన్నవి తీగలే. ఇంకా వెనక్కి వెళ్లి 6600 ఫోన్ కార్డు తీస్తే అది ఎంఎంసీ, వేరే జాతి. ఎస్‌డీ కంటే పల్చన, ఎస్‌డీ గూట్లో పడుతుంది గానీ అన్ని కెమెరాలూ పలకవు.

మామ్మగారి ఫోను దేవుడి గూట్లో దొరికింది. ఛార్జింగ్ ఎక్కక పక్కన పెట్టేశారుట. వెనక మూత తీస్తే చిప్పు, దాని మీద 1 జీబీ అని అరిగిపోయిన అంకె. మామ్మగారికి వెంటనే అనుమానం వచ్చింది. "అందులో నా పాటలున్నాయి నాయనా, పోవు కదా?"

మంచి ప్రశ్న వేశారు, దానికి జవాబు అందరూ వినాలి. తెలియని కార్డు పెట్టినప్పుడు పాత కెమెరా "ఫార్మాట్ చేయమంటారా?" అని అడగొచ్చు. కంప్యూటర్ కూడా అడుగుతుంది, ముఖ్యంగా కార్డు రీడర్ పాతదై, కార్డు కొత్తదైతే. 2006కి ముందు కొన్న రీడర్లు ఎస్‌డీహెచ్‌సీని చదవలేవు, ఎక్స్‌ఫ్యాట్ తెలియని పాత కంప్యూటర్ ఎస్‌డీఎక్స్‌సీని చూసి ఇది ఖాళీ కార్డనుకుంటుంది. లోపల మీ పెళ్లి ఫోటోలు ఉండొచ్చు. ఓకే నొక్కకండి. ముందు ఇంకో రీడర్‌లో, ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూడండి. పొరపాటున నొక్కినా ఆ కార్డు మీద కొత్తగా ఏమీ రాయకుండా తీసి పక్కన పెడితే తిరిగి రాబట్టే ఆశ కొంత ఉంటుంది.

మామ్మగారి పాటలు ముందు లాప్‌టాప్‌లోకి ఎక్కించాం. 183 ఉన్నాయి. తర్వాత చిప్పుని అడాప్టర్‌లో పెట్టి, అడాప్టర్‌ని కెమెరాలో పెట్టాం. ఈసారి ఎర్రర్ రాలేదు, "కార్డు లాక్ అయింది" అని వచ్చింది. పిల్ల తల పట్టుకుంది. ఇది చాలా చిన్న విషయం. కార్డు పక్కన జరిగే ప్లాస్టిక్ మీటకి లోపల ఏ తీగతోనూ సంబంధం లేదు. అది ఎక్కడుందో చూసుకోవాల్సింది కెమెరా గూట్లోని చిన్న స్విచ్చే. మీట వదులై, దోపేటప్పుడు కిందకి జారుతోంది. మీటని పైకి జరిపి, చిన్న సెల్లో టేప్ ముక్క అంటించాను. క్యాసెట్ మీద రికార్డు చేయాలంటే విరిగిన పలుకు దగ్గర కాగితం కుక్కేవాళ్లం, గుర్తుందా, అలాగే.

కెమెరా మెనూలోంచి ఫార్మాట్ కొట్టాం. కాసేపు ఇసుక గడియారం తిరిగింది. తెర మూల 476 అని అంకె వచ్చింది. పిల్ల మామ్మగారిని అరుగు మీద కూర్చోబెట్టి, ఫ్లాష్ వేసి ఒకటి తీసింది. 475 అయింది. రెండోది తీయబోతే బ్యాటరీ గుర్తు ఎర్రగా కొట్టుకుని, లెన్స్ లోపలికి ముడుచుకుని, కెమెరా ఆగిపోయింది.

"తాతగారూ, మళ్లీ ఏమైంది?"

"పెన్సిల్ సెల్స్ అయిపోయాయమ్మా. వాటికి హైదరాబాద్ దాకా వెళ్లక్కర్లేదు, సందు చివర కిరాణా కొట్టుకెళ్లు. రెండు చాలు" అన్నాను.